శ్వేత పుష్కరిణి మెట్ల మీద

నాన్న పోయినప్పుడు అస్థికలు ఎక్కడ కలపాలన్న మాట వచ్చింది. మేనమామ కాశీ అన్నాడు. అమ్మ మాత్రం, "ఆయన ఎప్పుడో చెప్పేశారు, శ్రీకూర్మమే" అంది. సిక్కోలు వైపు చాలామందికి ఆ ఊరి పుష్కరిణే కాశీ. గుడిలోంచి కాశీకి సొరంగం ఉందని కూడా పెద్దలు చెప్పుకుంటారు. అలా కిందటేడు అస్థికలు ఆ నీళ్లలోనే కలిపాం. గుడిలోకి మాత్రం వెళ్లలేదు. తండ్రి పోయిన ఏడాది గుడి గడప తొక్కకూడదని మా ఇంట్లో పట్టింపు. మెట్ల మీద నుంచే దండం పెట్టుకుని తిరిగి వచ్చేశాం. ఈ ఏడు సంవత్సరీకం అయిపోయాక, పుష్కరిణి దగ్గర పిండం పెట్టి, స్వామి దర్శనం కూడా చేసుకుందామని అమ్మా నేనూ విజయనగరంలో పొద్దున్నే రైలెక్కాం.

స్టేషన్ పేరు శ్రీకాకుళం రోడ్డే గానీ అది ఉన్నది ఆమదాలవలసలో. అక్కణ్నుంచి బస్సులో శ్రీకాకుళం, మళ్లీ ఆటో. ఆ రోజు ఆదివారమన్న సంగతి నేను పట్టించుకోలేదు. అరసవల్లి సూర్యనారాయణమూర్తి దర్శనానికి వచ్చిన జనంతో రోడ్డంతా నిండిపోయి, అరగంటసేపు ఆటో కదల్లేదు. మధ్యాహ్నం లోపు కార్యం అయిపోవాలి, పంతులుగారు వెళ్లిపోతారేమోనని నాకు ఒకటే టెన్షన్. ఆటో అతను వెనక్కి తిరిగి, "కంగారు పడకండి బావూ. తండ్రి కార్యానికొచ్చినోల్లని వొగ్గేసి ఎల్లిపోతారేటి?" అన్నాడు. ఆ మాటకి అమ్మ కళ్లు తుడుచుకుంది.

శ్రీకాకుళం నుంచి శ్రీకూర్మం 15 కిలోమీటర్లలోపే. అరసవల్లి దాటితే వరి పొలాలు, తర్వాత మెల్లగా నేల ఇసకబారి కొబ్బరి చెట్లు, జీడితోటలు మొదలవుతాయి. గాలిలో ఉప్పు తగులుతుంది. చిన్నప్పుడు డోలోత్సవానికి ఇదే దారిలో వెళ్తూ నాన్న చేత్తో చూపిస్తూ చెప్పేవారు: ఇటు నాగావళి కళ్లేపల్లి దగ్గర సముద్రంలో కలుస్తుంది, అటు వంశధార కళింగపట్నం దగ్గర కలుస్తుంది, ఎదురుగా సముద్రం, నడుమ మన ఊరు. మరి ఇన్ని నీళ్లుండగా ఈ ఊరు చెరువు చుట్టూ ఎందుకు కట్టుకున్నారని అడిగాను. "ఏరుకి వరదొస్తే ఒడ్డు మార్చేస్తుంది. చెరువు ఎక్కడికి పోతుందిరా?" అన్నారు. వంశధార వరదల్లో పొలం గట్టు ఎక్కడుండేదో వెతుక్కున్న కుటుంబంలో పుట్టిన మనిషి ఆయన.

ఆ చెరువే శ్వేత పుష్కరిణి. విష్ణుమూర్తి సుదర్శన చక్రంతో ఏర్పడిన తీర్థమని, లక్ష్మీదేవి ఇందులోంచే వచ్చిందని స్థలపురాణం. శ్వేత చక్రవర్తి తపస్సుకి మెచ్చి స్వామి కూర్మ రూపంలో వెలిశాడంటారు. ఇక్కడ కలిపిన అస్థికలు తాబేళ్లవుతాయని కూడా ఒక నమ్మకం. కిందటేడు కుండ వంచినప్పుడు నాకు ఆ మాటే గుర్తుకొచ్చి, నీళ్లు మళ్లీ నిలకడగా అయ్యేదాకా చూస్తూ నిలబడ్డాను.

పంతులుగారు ఎక్కడికీ వెళ్లలేదు. మెట్ల మీద నీడ పట్టున కూర్చోబెట్టి, కండువా ఎడమ భుజం మీంచి కుడి భుజం మీదకి మార్చమన్నారు. దర్భలు, నువ్వులు, అన్నం ముద్దలు. గోత్రం చెప్పి, నాన్న పేరు, తాత పేరు, ముత్తాత పేరు చెప్పమన్నారు. ముత్తాత పేరు దగ్గర ఆగిపోయాను. వెనక నుంచి అమ్మ అందించింది. మా ఇంటికి కోడలిగా వచ్చిన మనిషికి గుర్తున్న పేరు, ఆ ఇంట్లో పుట్టిన నాకు గుర్తులేదు. ఆ పేరు నీళ్లతో కలిపి వదులుతుంటే బొటనవేలు వణికింది.

తర్వాత స్నానం చేసి గుడిలోకి వెళ్లాం. స్వామి పడమర ముఖంగా ఉంటాడు. అందుకే గుడికి తూర్పున ఒకటి, పడమర ఒకటి, రెండు ధ్వజస్తంభాలు. గర్భగుడిలో దీపం వెలుగులో ఆ రాతి తాబేలు, తల, వీపు, తోక విడివిడిగా కనిపిస్తుంటే అమ్మ చాలాసేపు మాట్లాడలేదు.

నేను ఎదురుచూసింది మాత్రం ప్రదక్షిణ మండపం కోసం. 108 నల్లరాతి స్తంభాలు, గోడల మీద మొక్కలూ మట్టీ రంగులతో వేసిన పాత బొమ్మలు. స్తంభాల నిండా శాసనాలు. 11వ శతాబ్దం నుంచి కొన్ని వందల ఏళ్లపాటు చెక్కుతూనే ఉన్నారు. నాన్న తెలుగు మాస్టారు. ప్రతిసారీ ఇక్కడే ఆగి, అక్షరాల మీద వేలు పెట్టి నాచేత చదివించాలని చూసేవారు. ఆయనకి ఇష్టమైన కథ నరహరి తీర్థులది. మధ్వాచార్యుల శిష్యుడు, కళింగంలో గంగరాజుల కొలువులో అధికారం చేసిన సన్యాసి. శక సంవత్సరం 1203, అంటే 1281లో కూర్మనాథుడి ఎదుట యోగానంద నరసింహుడికి గుడి కట్టించినట్టు ఇక్కడి శాసనం చెబుతుంది. శబరుల దాడి నుంచి ఈ ఊరిని కాపాడాడనీ ఉంది. కాషాయం కట్టుకున్న మనిషి ఊరి కోసం కత్తి పట్టాడని చెప్పేటప్పుడు నాన్న గొంతు పెరిగేది.

రాజుల సంగతి అలా ఉంచితే, ఆయన నాకు ఎక్కువగా చూపించింది దీపాల శాసనాలు. ఎవరో అఖండ దీపానికి ఇన్ని గండమాడలు, అంటే ఆ కాలపు బంగారు నాణేలు, ఇచ్చారు, ఆ దీపం సూర్యచంద్రులున్నంత కాలం వెలగాలి. అంతే. ఇచ్చినవాళ్లలో చాలామంది గురించి ఆ రాయి మీద ఉన్న పేరు తప్ప మరేమీ మిగల్లేదు. ఒక స్తంభం దగ్గర నేనూ ఆగి వేలు పెట్టి చూశాను. చేతులు తగిలి తగిలి రాయి నున్నగా, చల్లగా ఉంది. గీతల లోపల మాత్రం గరుకు. పాత లిపిలో రెండు మూడు అక్షరాలు పోల్చుకోగలిగాను. మిగతావి చదివి చెప్పే మనిషి లేడు.

"ఏం రాసుంది?" అని అమ్మ అడిగింది.

"దీపానికి ఇచ్చినట్టుంది" అన్నాను.

అమ్మ బయటికెళ్లి నూనె సీసా కొనుక్కొచ్చి, దీపంలో పోయమని నాన్న పేరు, గోత్రం చెప్పి ఇచ్చింది.

వెళ్లేముందు నక్షత్ర తాబేళ్ల దగ్గరికి వెళ్లాం. నల్లటి డిప్ప మీద పసుపు గీతలు నడిమి నుంచి కిరణాల్లా విచ్చుకుని ఉంటాయి. అమ్మ సంచిలోంచి తోటకూర కట్ట తీసింది. పొద్దున్న ఇంటి దగ్గరే కొని, తడి గుడ్డలో చుట్టి తెచ్చిందట, నాకు చెప్పలేదు. ఒక ముసలి తాబేలు మెడ చాచి ఆకు అంచు పట్టుకుంది. కొరికి, లాగి, ఆగి, మళ్లీ కొరికింది. ఆకు పూర్తిగా అయిపోయేదాకా అమ్మ అక్కడే కూర్చుంది.

ఆటోలో, ఫాల్గుణ పున్నమి ఎప్పుడొస్తుందో ఫోన్‌లో చూడమంది. ఈసారి డోలోత్సవానికి పిల్లల్ని కూడా తీసుకురావాలట. వాళ్లకి ముత్తాత పేరు ఇప్పట్నుంచే నేర్పమంది.