ముందు కత్తి మాసిందా లేదా చూస్తాను

ఆదివారం. పొద్దుటి నుంచి ముసురు.

మా మరిదికి రెండు వస్తువులు కావాలి. చెరువు గట్టు మీద నడుముకి తగిలించుకునే కత్తి ఒకటి, రాత్రిళ్ళు తలకి కట్టుకునే లైటు ఒకటి. కొనేదీ వాడేదీ తనే అయినా, ఏది కొనాలో తేల్చే పని నాకు అప్పజెప్పాడు. "మీరైతే ఓపిగ్గా చూస్తారు వదినా, నాకు ఆ వీడియోలు చూస్తే అన్నీ బాగున్నట్టే ఉంటాయి" అన్నాడు. అసలు చిక్కు అదే. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఫోను పట్టుకుని కూర్చుంటే దీపాల వేళ దాకా అదే పనైంది.

రొయ్యల చెరువు దగ్గర కత్తితో ఏం పనుంటుందో ముందు ఒక కాగితం మీద రాసుకున్నాను. మేత బస్తా మూతి కుట్టు కోయాలి. నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్ రెక్కలకి చుట్టుకున్న నైలాన్ తాడు తెంపాలి. పక్షులు వాలకుండా కట్టిన దారాలు తెగితే కోసి మళ్ళీ కట్టాలి. ఇవన్నీ తడి చేతులతో, ఉప్పు నీళ్ళ మధ్య. పనయ్యాక కత్తిని కడిగి, తుడిచి, నూనె రాసే తీరిక చెరువు మీద ఎవరికీ ఉండదు. అలాగే ఒరలో తోసేస్తారు. మాది సముద్రానికి దగ్గర ఊరు. గేటు కమ్మీలకి రంగు వేయించిన ఏడాదిలోపే పొక్కులు లేచి, కింద ఎర్రగా తుప్పు కనిపిస్తుంది. కాబట్టి నాకు కావలసిన రివ్యూ ఒక్కటే. ఉప్పు గాలిలో, నిర్లక్ష్యంగా వాడితే ఈ కత్తి ఏమవుతుంది?

వీడియోల్లో ఎక్కువ మంది కాగితం కోసి చూపించారు. వేలాడదీసిన కాగితం సర్రున తెగుతుంది, చూడ్డానికి బాగుంటుంది. కానీ దాంతో తెలిసేది కంపెనీ వాళ్ళు సాన సరిగ్గా పెట్టి పంపారని మాత్రమే. ఆ పదును ఎన్నాళ్ళు నిలుస్తుందో కాగితం చెప్పదు. పదును నిలకడ కొలవడానికి ఇంగ్లండులో షెఫీల్డ్‌లోని కాట్రా సంస్థ దగ్గర ఒక యంత్రమే ఉంది. సిలికా కలిపిన అట్టల్ని ఒకే బరువుతో, ఒకే వేగంతో కోయించి ఎంత మందం తెగిందో లెక్క వేస్తారు. దానికి ఐఎస్ఓ 8442-5 అని అంతర్జాతీయ ప్రమాణం కూడా ఉంది. అలాంటి యంత్రం ఇంట్లో కూర్చుని వీడియో చేసేవాళ్ళకి ఉండాలని నేను అనను. తాడు కోయొచ్చు కదా. ఎన్ని కోతల తర్వాత కాగితం తెగడం మాని చిరగడం మొదలైందో లెక్కపెట్టి చెప్పొచ్చు కదా. అంత కష్టపడినవాళ్ళు కొద్దిమందే కనబడ్డారు. వాళ్ళ వీడియోలు కాస్త విసుగ్గా ఉంటాయి, ఒకే తాడుని కోస్తూనే ఉంటారు. నేను చివరిదాకా చూసినవి అవే.

ఇంకొకాయన డీ2 అనే రకం ఉక్కుని పట్టుకుని "పక్కా స్టెయిన్‌లెస్ బ్రో" అన్నాడు. అక్కడే ఆపేశాను. డీ2లో క్రోమియం 12 శాతం దాకా ఉంటుంది. 10.5 శాతం దాటితే స్టెయిన్‌లెస్ అంటారు కాబట్టి అంకె చూసి అలా అనుకోవడం సహజమే. కానీ డీ2లో కార్బన్ కూడా చాలా ఎక్కువ, 1.5 శాతం దాకా ఉంటుంది. క్రోమియంలో పెద్ద భాగం ఆ కార్బన్‌తో కలిసి గట్టి రేణువులుగా మారిపోతుంది. తుప్పుని ఆపడానికి మిగిలేది తక్కువ. ఉక్కు గురించి తెలిసినవాళ్ళు దాన్ని సగం స్టెయిన్‌లెస్ అంటారు. ఆ ఉక్కు మంచిదే, పదును బాగా నిలుస్తుంది. కానీ ఉప్పు నీళ్ళకి కాదు. ఇంత మాత్రం చూసుకోకుండా అంత గట్టిగా చెప్పిన మనిషి మిగతా విషయాలు మాత్రం చూసుకుని చెప్పాడని ఎలా అనుకోను? నాకు ఖాయంగా తెలిసిన ఒక్క విషయంలో వాళ్ళేమంటారో చూసి, తెలియని విషయాల్లో ఎంత నమ్మాలో తేల్చుకోవడం నా పద్ధతి.

చలిదేశాల అడవుల్లో తిరుగుతూ వీడియోలు చేసేవాళ్ళ మీద నాకు ఆ అనుమానం లేదు. కత్తి వీపు మీద కర్రతో కొట్టి కట్టెలు చీలుస్తారు, నిప్పురవ్వలు రాల్చే కడ్డీని కత్తి వీపుతోనే గీస్తారు. వాళ్ళ అవసరం అది. స్వీడన్‌లోని మోరా కత్తులనే తీసుకుంటే, ఒకే రకం కార్బన్ స్టీల్‌లోనూ, స్టెయిన్‌లెస్‌లోనూ దొరుకుతుంది. అడవివాళ్ళు చాలామంది కార్బన్‌దే తీసుకోమంటారు, సాన త్వరగా ఎక్కుతుందని. వాళ్ళ చోట అది సరైన సలహా. మా చెరువు గట్టు మీద అదే కత్తిని తుడవకుండా రాత్రంతా ఒరలో ఉంచితే తెల్లారేసరికి మచ్చలు కనిపిస్తాయి. మనిషి నిజాయితీపరుడే, చెప్పిందీ నిజమే, అయినా మాకు పనికిరాదు. అందుకే ఎవరి మాట నమ్మాలి అనేదాని కంటే, ఎక్కడ వాడి చెప్పారు అనేది నేను ముందు చూస్తాను. రెయిన్‌కోట్ల రివ్యూలదీ ఇదే కథ. చెమట ఆవిరి బయటికి పోతుందని చెప్పేది చల్లని కొండ మీద నిలబడి. మన శ్రావణంలో బయట గాలే ఆవిరితో నిండి ఉంటే లోపలిది ఎక్కడికి పోతుంది?

ఇక ఈ రోజు నేను ఎక్కువసేపు చూసింది రెండు వీడియోలని. రెంటిలోనూ ఒకే కత్తి. మొదటాయన మంచి వెలుగులో, మంచి కెమెరాతో, "ఆరు నెలల నుంచి ఇది నా నడుము దిగలేదు" అన్నాడు. వీడియో ఆపి, వేళ్ళతో తెర మీద పెద్దది చేసి చూశాను. బ్లేడు మీద నల్ల పూత అంచు దాకా చెక్కుచెదరకుండా ఉంది. ఒరలోకి దూర్చి తీసే చోట ఒక్క గీత లేదు. ఒర బటన్ చుట్టూ కొత్త మెరుపు. ఆరు నెలలు నడుముకున్న వస్తువు అలా ఉండదు. రెండో ఆయనది మసక వీడియో, మాట కూడా తడబడుతోంది. ఆయన చేతిలో కత్తికి మొన కొద్దిగా మొద్దుబారి ఉంది, అంచు వెంబడి పూత సన్నటి చారలా పోయి తెల్లటి ఇనుము కనిపిస్తోంది. పిడి చివర ఏదో కొట్టిన గుర్తులు. ఒర వదులై నడుస్తుంటే కత్తి గలగలమంటోందని, రబ్బరు ముక్క పెట్టుకున్నానని చూపించాడు. పిడి మేకు చుట్టూ తుప్పు వచ్చిందని దగ్గరగా పెట్టి మరీ చూపించాడు. ఆ మేకు చుట్టూ తుప్పు నాకు కాగితం కోతల కంటే వంద రెట్లు విలువైనది. మా మరిది పాత కత్తి కూడా అక్కడే పోయింది.

డబ్బుల సంగతి కూడా చూడాలి. "లింక్ డిస్క్రిప్షన్‌లో ఉంది" అని అందరూ అంటారు, ఆ లింకు మీద కొంటే తమకి కమిషన్ వస్తుందని చెప్పేవాళ్ళు తక్కువ. చెప్పాలని మన దేశంలో నియమం ఉంది. 2022 జూన్‌లో తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద కేంద్రం మార్గదర్శకాలు తెచ్చింది. 2023 జనవరిలో వినియోగదారుల వ్యవహారాల శాఖ సోషల్ మీడియా వాళ్ళ కోసం విడిగా సూచనలు ఇచ్చింది. డబ్బే కాదు, ఊరికే వచ్చిన వస్తువైనా, డిస్కౌంటైనా, ట్రిప్పైనా చెప్పి తీరాలి. హ్యాష్‌ట్యాగుల గుంపులో కలిపేయకూడదు. స్వయంగా వాడనిదాన్ని మెచ్చుకోకూడదని కూడా అందులో ఉంది. తప్పుడు ప్రచారం చేస్తే మొదటిసారి 10 లక్షల దాకా, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేసే వీలుంది. నియమం మంచిది. అయినా ఊరికే వచ్చిన వస్తువని తెలియగానే రివ్యూని కొట్టిపారేయడం సరికాదని నా అభిప్రాయం. ఎక్కువ చెరుపు చేసేది తొందర. కొత్త మోడల్ వచ్చిన వారంలోనే అందరి వీడియోలూ వచ్చేస్తాయి. వారంలో ఏ కత్తీ తుప్పు పట్టదు, ఏ లైటు రబ్బరూ ఊడదు. "సొంత డబ్బుతో కొన్నాను" అన్నమాట కూడా గ్యారంటీ కాదు. ఐదువేలు పోసి కొన్న మనిషి ఆ వస్తువు బాగోలేదని ఒప్పుకోవడం ఎంత కష్టమో మన ఇళ్ళల్లోనే చూస్తుంటాం. అందుకే ఆ మనిషి పాత వీడియోల్లోకి వెళ్ళి, ఏదైనా కొనొద్దని చెప్పినది ఒకటైనా ఉందా అని వెతుకుతాను. అన్నీ మెచ్చుకోళ్ళే అయితే వదిలేస్తాను.

సర్వైవల్ కత్తులంటూ మూరెడు బ్లేళ్ళు ఊపేవాళ్ళు ఇంకొందరు. బ్లేడు 9 అంగుళాల కన్నా పొడవో, 2 అంగుళాల కన్నా వెడల్పో ఉండి, ఇంటికో వ్యవసాయానికో పరిశ్రమకో చేసింది కాకపోతే మన ఆయుధాల నియమాల కిందికి వస్తుంది. లింకు ఇస్తూ ఆ ఒక్క ముక్క చెప్పినవాళ్ళు నాకు కనబడలేదు. కుర్రాళ్ళు చూసి కొంటారని నాకు బెంగ.

పొద్దున్న మచ్చుకత్తి సాన పెట్టించడానికి కొలిమి దగ్గరికి వెళ్ళినప్పుడు, పక్క చెరువు కుర్రాడు ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న కత్తి కూడా పట్టుకెళ్ళాను. కమ్మరి బాబాయ్ దాని మీద పేరు చదవలేదు. ఆకురాయి తీసి పిడి దగ్గర, ఎవరికీ కనబడని మూల, ఒక్కసారి తోశాడు. ఇనుము గట్టిదైతే ఆకురాయి జారిపోతుంది, మెత్తదైతే పట్టుకుంటుంది. పట్టుకుంది. సన్నటి పొడి ఆయన బొటనవేలి మీద రాలింది.

"ఆయ్, చూసారా అమ్మా, ఎలా పట్టేస్తోందో. రెండు కొబ్బరి మట్టలు కొట్టేసరికి అంచు తిరిగిపోద్ది" అన్నాడు.

"మరి మీ కత్తో బాబాయ్?"

"మాది లారీ కమాన్ కట్టండి. మట్టలకి ఢోకా లేదు. చెరువు మీదకైతే ఒద్దు, తుప్పట్టేస్తాది."

అమెరికాలో 5160 అని నంబరు పెట్టి, పెద్ద కత్తులకి గొప్పగా చెప్పుకునేదీ ఈ స్ప్రింగు ఉక్కు జాతిదే. ఆయన కూడా కత్తులు చేసి అమ్ముకునేవాడే కాబట్టి, ఎదుటివాడి సరుకు బాగోలేదన్న మాటని నేను అలాగే తీసుకోలేదు. వేలి మీద రాలిన పొడినే సాక్ష్యంగా తీసుకున్నాను. కానీ తన సరుకు చెరువుకి పనికిరాదని తనే చెప్పాడు చూడండి, దాంతో ఆయన మాట కూడా నమ్మాలనిపించింది.

లైటు వెతకడం ఇంకా కష్టం. అక్కడ అంకెల వర్షం. ఇలాంటి లైట్లలో వేసే 18650 సైజు ఛార్జింగ్ సెల్ మీద 9900 ఎంఏహెచ్ (ఎంత ఛార్జి పడుతుందో చెప్పే లెక్క) అని ముద్రించి ఉంటే, దాన్ని అలాగే పైకి చదివిన ప్రతి వీడియోనీ మూసేశాను. ఆ సైజులో పేరున్న కంపెనీల మంచి సెల్‌లు కూడా 3500 దగ్గర ఉంటాయి, మరీ కొత్తవి ఇంకొంచెం పైకి. 9900 అనేది ఆ గొట్టంలో పట్టదు. ఇక మంచి లైట్లకి ఎఫ్ఎల్1 అని ఒక ప్రమాణం ఉంది. దాని ప్రకారం వెలుగుని ఆన్ చేసిన 30 సెకన్ల నుంచి 2 నిమిషాల లోపు కొలుస్తారు. ఎన్ని గంటలు వెలుగుతుంది అంటే, వెలుగు పదో వంతుకి పడిపోయేదాకా. దూరం 200 మీటర్లు అంటే, అంత దూరంలో నిండు పున్నమి వెన్నెలంత వెలుగు పడుతుందని. ఇది తెలియకపోతే పెట్టె మీద అంకె మోసంలా ఉంటుంది, తెలిస్తే ఉపయోగపడుతుంది. గంట గంటకీ వెలుగు ఎలా తగ్గిందో గ్రాఫు గీసి చూపించినవాళ్ళు ఇద్దరు ముగ్గురు దొరికారు. వాళ్ళ పేర్లు రాసి పెట్టుకున్నాను. మా మరిది తెల్లవారుజామున చెక్ ట్రే, అంటే రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూడ్డానికి నీళ్ళలో దించి ఉంచే పళ్ళెం, పైకి తీసి, మేత ఎంత మిగిలిందో, రొయ్య పేగులో మేత ఉందో లేదో చూడాలి. మొదటి రెండు నిమిషాల వెలుగుతో తనకేం పని?

పురుగుల సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. వాన వెలిసిన రాత్రి నుదుటి మీద తెల్ల లైటు పెట్టుకుంటే కళ్ళల్లో, నోట్లో పడతాయి. పసుపు రంగు వెలుగుకి తక్కువ వస్తాయి.

కత్తి తేలిపోయింది. పిడి అంతా ఒకే అచ్చులో పోసి, మేకులు లేని స్టెయిన్‌లెస్‌ది, మామూలు ధరలోది. తాడు కోసం సగం అంచు రంపంలా ఉన్నది దొరికితే అది. కొబ్బరి తోటకి మాత్రం బాబాయ్ కత్తే.

లైటు తేలలేదు. కాలవ అవతల చెరువు చూసే పెద్దాయన తలకి ఒకటి ఉంది, రెండు వానాకాలాలు చూసిందట. సొంత డబ్బుతో కొన్నది కాబట్టి బాగుందనే అంటారు. అందుకని బాగుందా అని అడగొద్దని మరిదికి చెప్పాను. ఛార్జింగ్ దగ్గర రబ్బరు మూత ఉందా ఊడిందా, తల పట్టీ సాగిపోయిందా, తెల్లారగట్ల మూడింటికి ట్రేలో మేత కనిపిస్తోందా అని అడగమన్నాను. ఆయన ఏమీ అనుకోకపోతే ఓసారి చేతిలోకి తీసుకుని తిప్పి చూడమన్నాను.