బూట్లలో సోలు, ఇంట్లో చెప్పులు

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి (కమీషన్) దుకాణంలో గుమాస్తాను. మిర్చి సీజన్‌లో పొద్దున జెండా పాట (వేలం) నుంచి సాయంత్రం రైతులకు తక్‌పట్టీలు (లెక్క చీటీలు) రాసిచ్చేదాకా యార్డు సిమెంటు మీదే తిరుగుడు. కాళ్లకు హవాయి చెప్పులు. పన్నెండేళ్లు అట్లనే గడిచాయి.

ఒక ఫిబ్రవరిలో నొప్పి మొదలైంది. మంచం దిగి కుడికాలు కింద పెడితే మడమలో మేకు దిగినట్టుండేది. గోడ పట్టుకుని పది అడుగులు వేస్తే సర్దుకునేది. నడిస్తే తగ్గేది రోగమెట్లయితదని పట్టించుకోలేదు. ఏప్రిల్‌కల్లా కాంటా దగ్గర కాసేపు కూర్చుని లేచినా అదే పోటు. ఉప్పు కాపడం పెట్టాను. మందుల షాపులో మెత్తటి జెల్ ముక్కలు కొని మడమ కింద పెట్టుకున్నాను. హవాయి చెప్పుల్లో అవి ఆగుతాయా? రెండో రోజే ఒకటి జారి బస్తాల మధ్య ఎక్కడో పడిపోయింది.

చివరికి హన్మకొండలో ఎముకల డాక్టర్‌ను కలిశాను. ఎక్స్‌రేలో మడమ ఎముకకు చిన్న ముల్లు కనిపించింది. ఆపరేషన్ అంటారేమోనని టెన్షన్ పట్టుకుంది. నొప్పి లేనివాళ్లలో కూడా అలాంటి ముల్లు చాలామందికి ఉంటుందట. అసలు గొడవ మడమ నుంచి వేళ్లదాకా అరికాలి కింద ఉండే మందపాటి పట్టీది. ఆ పట్టీ నొప్పినే ప్లాంటార్ ఫేషియైటిస్ అంటారన్నారు. తడికాలితో పేపర్ మీద నిలబడమంటే, నడుమ ఖాళీ ఉండాల్సిన చోట కూడా పాదం మొత్తం అచ్చు పడింది. నాది వంపు లేని పాదం. బరువు పడ్డప్పుడల్లా లోపలికి ఒరిగి పట్టీని లాగుతుంది. రాత్రంతా బిగుసుకున్న పట్టీ పొద్దున మొదటి అడుగుకు ఒక్కసారిగా సాగుతుంది, అందుకే ఆ పోటు.

మెత్తటిది కాదు, వంపు కింద గట్టిగా లేచి మడమ చుట్టూ గిన్నెలా పట్టే, బూటు లోపల పెట్టుకునే సోలు రాశారు. రెడీమేడ్‌ది చాలు, తగ్గకపోతే కొలత ఇచ్చి చేయిద్దామన్నారు. దానికోసం బూట్లు కొన్నాను. బూటులో ముందే ఉన్న సోలు తీసేసి ఇది పెట్టాలని తెలియక, రెండు రోజులు వేళ్లు నలిపించుకున్నాను. తీసి పెట్టాక కూడా అరికాలి కింద గులకరాయి ఉన్నట్టే ఉండేది. మొదటి రోజు ఒక గంట, తర్వాత రెండు గంటలు, అట్లా పెంచుకుంటూ పోతే పది రోజులకు అలవాటైంది. "అన్నా, పోలీసుల చేరినవా?" అని హమాలీలు ఒకటే నవ్వు.

రెండు నెలలకు నొప్పి సగం తగ్గి, అక్కడే ఆగింది. మళ్లీ వెళ్తే డాక్టర్ ఒకటే అడిగారు: "ఇంట్లో ఏమేసుకుంటరు?" ఏమేసుకుంటాం, బండల మీద వట్టికాళ్లే! అరికాలికి ఊతమున్న చెప్పులు తెచ్చి ఇంట్లో వేసుకుంటే అమ్మ ఊరుకోలేదు. "దేవుని అర్ర ఉన్న ఇంట్ల చెప్పులా బిడ్డా?" పంచాయితీ రెండు రోజులు నడిచింది. ఆ జత గడప దాటి బయటికి పోవద్దు, దేవుని అర్రలోకీ వంటింట్లోకీ రావద్దు అన్న షరతు మీద ఒప్పుకుంది. గోడకు చేతులానించి పిక్క సాగదీయడం, ఫ్రిజ్‌లో గడ్డకట్టిన నీళ్ల సీసాను అరికాలి కింద దొర్లించడం కూడా రోజూ చేశాను. సీసా మాత్రం నిజంగా హాయి. దసరాకు పొద్దున గోడ పట్టుకోవడం మానేశాను.

పాదానికి వంపేమీ రాలేదు. సోలు వేసుకున్నంతసేపే దాని సాయం. మా పక్క దుకాణం గుమాస్తాకు షుగర్, కాళ్లు మొద్దుబారతాయి. "నాకూ ఒక జత చెప్పన్నా" అంటే ముందు డాక్టర్‌కు చూపించుకోమన్నాను. స్పర్శ లేని కాలికి గట్టి సోలు ఒరిసి పుండు పడ్డా తెలియదు.

ఈ సీజన్‌లో సోలు తీసి దులిపితే మిర్చి గింజలు రాలుతున్నాయి. కుడికాలిది మడమ దగ్గర నొక్కుకుపోయింది, మార్చాలి. ఎడమది ఇంకా బాగానే ఉంది, కానీ షాపులో జత తప్ప ఒక్కటి అమ్మరు.