మెట్టు ఎటు వాలిందో చూడండి

ఊటీ కొండ రైలుకు టికెట్ దొరకదు, అది మామూలే. కూనూర్ దాకా బస్సులో వెళ్ళి, అక్కడ జనరల్ పెట్టెలో ఇరుక్కున్నాం. వెల్లింగ్టన్, అరవంకాడు దాటి కెట్టి రాగానే పెట్టె మొత్తం ఒకవైపు కిటికీల మీద పడింది. "మెట్లు చూడు, మెట్లు!" ఫోన్లన్నీ బయటికొచ్చాయి. కొండ వాలును మెట్లుగా కోసి చేసిన పొలాలవి. ఆ మెట్టు కొండ వైపు వాలిందా, లోయ వైపు వాలిందా అని అడిగినవాళ్ళు లేరు. చికాకేసి అక్కడే దిగిపోయాను. ఊటీ సరస్సు సంగతి మరెవరైనా రాస్తారు.

లోయ నిండా క్యారెట్, బంగాళాదుంప, క్యాబేజీ. పాత మడిలో నిలబడితే కాలికే తెలుస్తుంది, నేల కొండ వైపుకే వాలి ఉంది. నీలగిరిని రెండు రుతుపవనాలూ తడుపుతాయి, మట్టి లోతు ఎక్కువ, నీరు పీల్చి బరువెక్కుతుంది. మడి బయటికి వాలితే నీరు అంచు మీంచి దూకి గట్టును తినేస్తుంది. లోపలికి వాలితే వెనక గట్టు మొదట్లోని కాలువలో పడి పక్కకు పోతుంది. ఈ వాలు పెద్దదేమీ కాదు, 3 మీటర్ల మడికి 15 సెంటీమీటర్లు చాలు. కాలువకు మాత్రం 100 మీటర్లకు 1 మీటరు మించి వాలు ఇవ్వకూడదు, ఇస్తే అదే కోసుకుపోతుంది. చివర నీరు దిగే దారిలో గడ్డి ఉండాలి.

25 శాతం వాలున్న కొండ మీద మీటరు ఎత్తున మెట్టు పెట్టామనుకోండి. అడ్డంగా 4 మీటర్లు పడుతుంది. మట్టి గట్టును ఎత్తు ఎంతో అడ్డంగా అంత వాలుగా వదిలితే 1 మీటరు దానికే పోతుంది, మడికి మిగిలేది 3. రాతి గోడ కడితే గట్టు నిటారుగా నిలిచి ఆ మీటరులో చాలావరకు తిరిగొస్తుంది, కానీ రాయి దగ్గర్లో దొరకాలి. ఉత్తరాఖండ్ కొండల్లో దొరుకుతుంది, అక్కడ గోడలు రాతివి, వానాధారపు మడులు చాలాచోట్ల బయటికే వాలి ఉంటాయి. కెట్టిలో చేతికొచ్చేది మట్టే.

కొత్తగా తవ్విన మెట్లలో ఒక పొరపాటు దూరం నుంచే కనిపిస్తుంది. మడిలో సగం పచ్చగా, కొండ వైపు సగం పసుపుపచ్చగా ఉంటుంది. పైమట్టిని పక్కకు తీయకుండా కోసేశారన్నమాట. కింది మెట్టు నుంచి పైకి పని చేసుకుంటూ పోతే, పై మడి పైమట్టిని కింద తయారైన మడి మీద పరచుకోవచ్చు. పై నుంచి మొదలుపెడితే మధ్యలో వాన వచ్చినా పని పాడుకాదు గానీ, పైమట్టి పూడిపోతుంది.

ఇంకో తప్పు తెలిసి చేసేదే. బంగాళాదుంపకు నీరు నిలవకూడదని బోదెలను (మొక్కలు నాటే మట్టి వరుసలను) వాలు వెంట నిలువుగా దించుతారు. నీరు పోతుంది, దానితో మట్టీ పోతుంది. ఒకచోట మూడు మడులు కోసుకుపోయి కనిపించాయి. పై మడి కాలువ ఒండ్రుతో నిండిపోయి, మధ్యలో పొంగి, అంచును జానెడు వెడల్పున కోసింది. కింది రెండిట్లో ఆ కోత మోకాలి లోతు. 2009 నవంబరు వానలకు ఈ చుట్టుపక్కలే కొండచరియలు విరిగి చాలామంది పోయారు, అందుకే పూడిన కాలువ చూస్తే నాకు కోపం.

మెట్ల భూమి ఎంతుందో అంతే, కాబట్టి దుంప మీద దుంప వేస్తూ వచ్చారు. 1961లో ఆ దుంప మొక్కల వేళ్ళకు బంగారు పూసల్లా అంటుకునే నులిపురుగు దేశంలో మొదట బయటపడింది ఈ నీలగిరిలోనే.

ఇవే మెట్లు పాడేరు, అరకు కొండలకు తీసుకెళ్తామనేవాళ్ళను చూశాను. అక్కడ వాన ఎక్కువగా జూన్ నుంచి అక్టోబరు దాకానే, పై వాలుల్లో మట్టి పలచన. మీటరు కోస్తే చాలాచోట్ల రాయి తగులుతుంది. గెడ్డ (కొండవాగు) వారన వరి మడులు సరే, అవి ఏ వైపూ వాలకుండా చదునుగా, చుట్టూ గట్టుతో ఉంటాయి. పైన సిల్వర్ ఓక్ నీడలో కాఫీ, మాను మీదికి మిరియం తీగ. దానికి మెట్టెందుకు? మొక్కకో గుంట, కింది వైపు అర్ధచంద్రాకారంలో చిన్న కట్ట చాలు.

కూనూర్‌కు తిరుగు బస్సులో వస్తుంటే తేయాకు వరుసలు. కొండ ఎటు వంపు తిరిగితే అటే తిరుగుతాయి, వరుసల మధ్య 120, మొక్కల మధ్య 75 సెంటీమీటర్లు, అంటే హెక్టారుకు దాదాపు 11,000 మొక్కలు. పొదలు కలిసిపోయాక నేల కనబడదు. ఒక మలుపు దగ్గర మాత్రం నాలుగైదు పొదలు చచ్చి ఖాళీ ఉంది. నీరు ఆ సందునే పట్టుకుని ఎర్రటి చార తీసింది, కింద రోడ్డు కల్వర్టు సగం దాకా పూడింది.