జింప్‌లో గాజు గ్లాసు గీసిన పదకొండు రోజులు

"అక్కా, ఇది ప్లాస్టిక్ గ్లాసా?"

రెండు రోజులు కూర్చుని గీసిన బొమ్మ చూసి మా చెల్లి అన్న మొదటి మాట ఇది. ఎగతాళికి అనలేదు, నిజంగానే సందేహం వచ్చి అడిగింది. మళ్లీ స్క్రీన్ వైపు చూశాను. తను అన్నది నిజమే.

ఆ మొదటి బొమ్మ ఎలా గీశానంటే, కంప్యూటర్‌లో బొమ్మలు గీసే, ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ జింప్ తెరిచి పాత్ టూల్‌తో గ్లాసు ఆకారం తీసుకున్నాను. లోపల లేత నీలం నింపి ఒపాసిటీ (రంగు దట్టదనం) 30 శాతానికి తగ్గించాను. చుట్టూ బూడిద రంగు గీత వేశాను. ఎడమ పక్కన పైనుంచి కిందికి ఒక తెల్లటి చార గీసి, దానికి కొంచెం గాసియన్ బ్లర్ ఇచ్చి మసకబార్చాను. కింద మెత్తటి నల్ల నీడ పెట్టాను. వెనకున్న గోడ కనిపిస్తోంది కాబట్టి పారదర్శకంగానే ఉన్నట్టు లెక్క. కానీ అది గాజు కాదు. నీలం పొగను గ్లాసు ఆకారంలో కోసి పెట్టినట్టుంది.

మూడో రోజు అసలు గీయలేదు. నిజం గాజు గ్లాసు ఒకటి తీసి, సగానికి నీళ్లు పోసి, కిటికీ దగ్గర బల్ల మీద పెట్టాను. వెనక లేత బూడిద గోడ. కుడివైపు ఎర్ర అట్ట పుస్తకం ఒకటి నిలబెట్టాను. ఫోటో తీసి జింప్‌లో తెరిచి, కలర్ పికర్‌తో ఒక్కోచోట రంగు ఎంతుందో చూసుకుంటూ వెళ్లాను. ఈ పనికి గంట పట్టింది. మొత్తం పదకొండు రోజుల్లో నాకు బాగా ఉపయోగపడిన గంట అదే.

నలుపు 0, తెలుపు 255 అనుకుంటే, గోడ 180 దగ్గర ఉంది. నీళ్లు లేని పై భాగంలో గ్లాసు గుండా కనిపించే గోడ 172. అంతే తేడా! నేనేమో ఆ భాగమంతా నీలం పూసి కూర్చున్నాను. గ్లాసు అంచుల దగ్గర మాత్రం విలువ 30కి పడిపోయింది, దాదాపు నలుపు. నిజంగా 255 ఉన్నచోట్లు లెక్కపెడితే నాలుగే, అవీ చాలా చిన్నవి. నీలం ఎక్కడా లేదు. మందపాటి అడుగు భాగంలో ఒక పక్క కొంచెం ఆకుపచ్చ ఛాయ ఉంది. మామూలు గాజులో కలిసి ఉండే ఇనుము వల్ల వచ్చే రంగు అది. పలుచటి చోట తెలియదు, మందం పెరిగేకొద్దీ తెలుస్తుంది.

అంచులు ఎందుకు అంత నల్లగా ఉన్నాయో అప్పుడు ఆలోచించాను. గ్లాసు మధ్యలో గాజు మనకు ఎదురుగా ఉంటుంది. అక్కడ ఒక్కో ఉపరితలం నుంచి 4 శాతం వెలుతురే వెనక్కి తిరుగుతుంది, మిగతాది దూసుకుపోతుంది. అందుకే గోడ గోడలాగే కనబడుతుంది. అంచు దగ్గర గాజు మన చూపుకు బాగా ఏటవాలుగా ఉంటుంది. అక్కడ కిరణం ఎంత వంగుతుందంటే, మనకు కనిపించేది వెనక గోడ కాదు, పక్కన ఎక్కడో ఉన్న గది మూల. నా గది మూల చీకటిగా ఉంది కాబట్టి అంచు నల్లగా వచ్చింది. అంటే అది గ్లాసు రంగు కాదు, గది రంగు. నేను చుట్టూ ఒకే మందంతో వేసిన బూడిద గీత ఎందుకు అబద్ధంలా కనబడిందో ఇక్కడ అర్థమైంది. నిజం అంచు ఒకచోట సన్నగా, ఒకచోట వెడల్పుగా ఉంది. ఒకచోట తెగిపోయి, మళ్లీ మొదలైంది.

నీళ్ల సంగతి ఇంకా వింత. ఎర్ర పుస్తకం గ్లాసుకు కుడివైపు వెనక ఉంది కదా. నీళ్లలో మాత్రం ఆ ఎరుపు సన్నటి పట్టీలా ఎడమవైపు కనబడింది. నమ్మకం కుదరక ఒక కాగితం ఎడమ సగం నల్లగా రంగేసి, గ్లాసు వెనక ఆనించి పట్టుకున్నాను. నలుపు ఎడమవైపే ఉంది, కాస్త వెడల్పుగా. కాగితాన్ని మెల్లగా వెనక్కి జరుపుతూ పోయాను. మూడు, మూడున్నర సెంటీమీటర్ల దగ్గర నలుపూ తెలుపూ చెదిరిపోయి కలగాపులగం అయ్యాయి. ఇంకొంచెం జరిపేసరికి నలుపు కుడివైపు తేలింది. వెలుతురును ఎంత వంచుతుందో చెప్పే వక్రీభవన గుణకం నీటికి 1.33. ఆ లెక్క ప్రకారం నీళ్లున్న గుండ్రటి గ్లాసు ఫోకస్, అంటే కిరణాలన్నీ వచ్చి కలిసే చోటు, దాని మధ్య నుంచి దాదాపు ఒక వ్యాసం దూరంలో పడుతుంది. నా గ్లాసు వ్యాసం ఏడు సెంటీమీటర్లు. అంటే గ్లాసు వెనక అంచు నుంచి మూడున్నర. లెక్క, కాగితం రెండూ ఒకే మాట చెప్పాయి. ఆ పూట కాగితాన్ని ముందుకీ వెనక్కీ ఎన్నిసార్లు జరిపి చూశానో! చెల్లిని కూడా పిలిచి చూపించాను.

గ్లాసు ఆకారం గొట్టం లాంటిది కాబట్టి తారుమారయ్యేవి కుడి ఎడమలే. పైదీ కిందిదీ మారవు.

నాలుగో రోజు కొత్త ఫైలు తెరిచాను. ఈసారి ముందు బ్యాక్‌గ్రౌండ్ పూర్తిగా గీశాను: గోడ, బల్ల, ఎర్ర పుస్తకం. గ్లాసు లేకుండానే అది ఒక పూర్తి బొమ్మలా ఉండాలని పట్టుబట్టాను. గ్లాసులో కనిపించాల్సినదంతా అక్కడి నుంచే రావాలి కాబట్టి, అక్కడ లేనిది గ్లాసులోకి ఎలా తెస్తాం?

తర్వాత ఆకారం. ఇక్కడ ఒక రోజు పోయింది. మూతికి ఒక ఎలిప్స్ (నొక్కిన వృత్తం) గీసి, దాన్నే కాపీ చేసి అడుగుకు పెట్టాను. గ్లాసు ముందుకు ఒరిగినట్టు కనబడింది. మనం కాస్త పైనుంచి చూస్తున్నప్పుడు, కంటి ఎత్తుకు దగ్గరగా ఉన్న మూతి చదునుగా ఉంటుంది. కిందికి వెళ్లేకొద్దీ గుండ్రదనం పెరుగుతుంది. నీటి మట్టం ఎలిప్స్ ఈ రెండింటికీ మధ్యలో ఉండాలి. మూతికి మందం ఉంది కాబట్టి అక్కడ ఒకటి కాదు, రెండు ఎలిప్స్‌లు. వాటి మధ్య ఖాళీ రెండు పక్కలా వెడల్పుగా, ముందూ వెనకా సన్నగా రావాలి. ఇది సరిచేశాక, రంగు వేయకముందే గీతల్లోనే గ్లాసు నిలబడింది.

అప్పుడు గ్లాసును మూడు ముక్కలుగా విడగొట్టి ఒక్కోదానికి ఒక లేయర్ గ్రూప్ (ఒకదాని మీద ఒకటి పేర్చే పొరల కట్ట), ఆ ఆకారం బయట ఉన్నది కనబడకుండా కప్పే ఒక మాస్క్ పెట్టుకున్నాను. పైన ఖాళీ భాగం, మధ్యలో నీళ్లు, కింద మందపాటి అడుగు. మూడూ వెలుతురును మూడు రకాలుగా పట్టుకుంటాయి. మొదటిసారి మూడింటినీ ఒకే రంగుతో నింపడమే నేను చేసిన పెద్ద తప్పు.

ఖాళీ భాగం తేలిక. బ్యాక్‌గ్రౌండ్ కాపీని అలాగే ఉంచి, కొంచెం డార్క్ చేసి, అంచుల దగ్గర మాత్రం వార్ప్ ట్రాన్స్‌ఫార్మ్ టూల్‌తో లోపలికి లాగాను.

నీళ్ల భాగానికి బ్యాక్‌గ్రౌండ్ కాపీని కుడి ఎడమలు తిప్పి, వెడల్పును 40 శాతానికి నొక్కి, మాస్క్ లోపల కూర్చోబెట్టాను. ఎరుపు ఎడమవైపు వచ్చింది. అంచుల దగ్గర మళ్లీ వార్ప్‌తో ఇంకాస్త నొక్కాను. నీటి మట్టం దగ్గర ఒక చిన్న విషయం ఉంది. నీళ్లు గాజును తాకేచోట కొంచెం పైకి పాకుతాయి. ఆ పాకిన అంచు వల్ల అక్కడ ఒక సన్నటి చీకటి గీత, దానికి ఆనుకునే ఒక సన్నటి వెలుతురు గీత ఏర్పడతాయి. రెండు పిక్సెళ్ల బ్రష్‌తో ఆ రెండూ గీశాను. అప్పటిదాకా రంగు కాగితంలా ఉన్నది ఆ రెండు గీతలతో నీళ్లయింది.

ఇక అడుగు. నాలుగు రోజులు దీనికే సరిపోయాయి. ఫోటోను 400 శాతానికి జూమ్ చేసి చూస్తే అడుగులో గ్లాసు లేదు, నీళ్లు లేవు, ముక్కలున్నాయి. ఒక నల్లటి నెలవంక, దాని కింద బల్ల రంగు పట్టీ, పక్కన మెరిసే ముక్కోణం, ఆ పక్కన గోరంత ఎరుపు, మళ్లీ నలుపు. గాజు లోపల తిరిగే కిరణం ఉపరితలాన్ని, దానికి నిట్టనిలువు గీత నుంచి కొలిస్తే, దాదాపు 42 డిగ్రీల కంటే ఏటవాలుగా తాకితే బయటికి రాలేదు, అద్దం మీద పడ్డట్టు మొత్తం వెనక్కి తిరుగుతుంది. మందపాటి అడుగులో ఇది పదేపదే జరుగుతుంది. అందుకే అక్కడ వెలుతురూ చీకటీ పక్కపక్కనే, మధ్యలో ఏ మెత్తదనం లేకుండా ఉంటాయి. నేను అలవాటు కొద్దీ సాఫ్ట్ బ్రష్ పట్టుకుని రెండు రోజులు పాడుచేశాను. చివరికి హార్డ్ బ్రష్‌కు మారి, ప్రతి ముక్కనీ ఒక ఆకారంగా, అది ఏమిటో ఆలోచించకుండా, ఫోటోలో ఎలా ఉంటే అలా వేశాను. గోరంత ఎరుపు పడిన క్షణం నాకు బాగా గుర్తుంది. రాత్రి పదకొండు దాటింది. జూమ్ తగ్గించి చూస్తే, పుస్తకం ఎరుపు నీళ్లలో ఒకసారి, అడుగులో ఒకసారి పలికింది. గ్లాసు ఆ గదిలోది అయిపోయింది. సంతోషంతో చాలాసేపు ఊరికే చూస్తూ ఉండిపోయాను.

అంచుల చీకటికి మల్టిప్లై మోడ్‌లో ఒక లేయర్ తీసుకున్నాను. ఆ మోడ్‌లో తెలుపు మాయమై చీకటి మాత్రం కింది లేయర్ మీద దిగుతుంది. హైలైట్లకు దానికి ఎదురుగా స్క్రీన్ మోడ్. అందులో నలుపు మాయమవుతుంది. ముందు వేసిన తెల్ల చార ఎందుకు తప్పో కూడా ఇక్కడే తెలిసింది. గ్లాసు మీద మెరిసేది ఊరికే మెరుపు కాదు, ఎదురుగా ఉన్న కిటికీ. కాబట్టి అది కిటికీ ఆకారంలోనే, నాలుగు మూలలతో, మధ్య ఫ్రేమ్ గీతతో, గ్లాసు ఒంపుకు తగ్గట్టు వంగి ఉండాలి. పదిహేడో శతాబ్దపు డచ్ చిత్రకారుడు పీటర్ క్లాస్ గీసిన గాజు పాత్రల మీద ఇలాగే చిన్న కిటికీలు కనబడతాయి. ఇంతకుముందు ఆ బొమ్మలు చూసినప్పుడు అది ఏదో అలంకారం అనుకున్నాను. ఇంకొకటి, కిటికీ ఎడమవైపు ఉంటే మొదటి ప్రతిబింబం గ్లాసు ముందు వైపు గాజు మీద ఎడమవైపే పడుతుంది. కానీ గ్లాసు వెనక వైపు గాజు లోపలి ఒంపు మీద ఇంకొకటి, మసకగా, కుడివైపు పడుతుంది. ఈ రెండోది వేయగానే గ్లాసుకు లోతు వచ్చింది. అసలు తెలుపు 255ను మాత్రం నాలుగు చోట్లే వాడాను. ఐదోది వేసి చూసి తీసేశాను.

నీడకు నల్ల మరక చాలదు. గాజు వెలుతురును ఆపేది తక్కువ, పోగుచేసి వేరేచోట పడేసేది ఎక్కువ. నీళ్లున్న గ్లాసు నీడ మధ్యలో బల్ల కంటే కూడా వెలుగైన ఒక చార ఉంటుంది. నీడ లేయర్ మీద, కింది రంగుకు వెలుతురు కలిపే అడిషన్ మోడ్‌లో ఇంకో లేయర్ పెట్టి, గ్లాసు దగ్గర పదునుగా, దూరం పోయేకొద్దీ మెత్తగా ఆ చార గీశాను.

గోడ మీద బ్లర్ చేసిన చోట మెట్లు మెట్లుగా పట్టీలు కనబడి టెన్షన్ పెట్టాయి. ఒక్కో రంగుకు 256 మెట్లే ఉండే 8 బిట్‌లో పని చేయడమే కారణం. ఇమేజ్ మెనూలో ప్రెసిషన్‌ను 16 బిట్‌కు మార్చి, ఆ బ్లర్ మళ్లీ చేసి, చివర్లో కొద్దిగా నాయిస్ (సన్నటి చుక్కల గరుకు) కలిపితే పోయాయి. మొదట్లోనే మార్చుకుని ఉంటే ఒక పూట మిగిలేది.

పదో రోజు చెల్లి చూసింది. ఈసారి ప్లాస్టిక్ మాట రాలేదు. దగ్గరికి వంగి, నీళ్లలో ఎడమవైపున్న ఎర్ర పట్టీ మీద వేలు పెట్టి, "ఇది ఆ పుస్తకమేనా?" అంది. అవునన్నాను. కాసేపు చూసి, "వెనక నల్ల గోడ ఉంటే ఎలా ఉంటుంది అక్కా?" అని అడిగింది.

బ్యాక్‌గ్రౌండ్ లేయర్‌నూ, గ్లాసులో ఉన్న దాని కాపీలనూ నల్లగా మార్చి చూశాను. గ్లాసు దాదాపు మాయమైపోయింది. నల్ల గోడ మీద నల్ల అంచులు ఎలా కనబడతాయి! గాజు వస్తువులను ఫోటో తీసేవాళ్లు రెండు పద్ధతులు వాడతారు. వెనక తెల్లగా పెట్టి అంచులు నల్లగా వచ్చేలా ఒకటి, వెనక నల్లగా పెట్టి పక్కల నుంచి వెలుతురు ఇచ్చి అంచులు తెల్లగా వచ్చేలా ఇంకొకటి. నేను గీసింది మొదటిది. రెండోదానికి గది మూలలే వెలగాలి. అంచుల లేయర్ తీసేసి, స్క్రీన్ మోడ్‌లో కొత్తది పెట్టి, అవే అంచులను వెలుతురుతో మొదలుపెట్టాను. పదకొండో రోజు సాయంత్రానికి మూతి, రెండు పక్కలు అయ్యాయి. అడుగులో ముక్కలన్నీ మళ్లీ వేయాలి. నిజం గ్లాసును నల్లగుడ్డ ముందు పెట్టి, రెండు పక్కలా తెల్ల కాగితాలు నిలబెట్టి, కొత్త ఫోటో తీసి పెట్టుకున్నాను.