వియన్నాలో రవ్వ వేట

నిన్న వియన్నాలో కచేరీ. వచ్చిన ఇబ్బంది ఒక్కటే, రవ్వ. మృదంగం ఎడమ మూతకి తడి రవ్వ పెడితే తప్ప ఆ గుంకీ, అంటే గుమ్మనే లోతైన నాదం, పలకదు. నా డబ్బా హైదరాబాద్‌లో వంటింటి గట్టు మీదే ఉండిపోయింది. సూపర్‌మార్కెట్లో అడిగితే ఆ అమ్మాయి ఒక ప్యాకెట్ తీసిచ్చింది. రవ్వని ఇక్కడ 'గ్రీస్' అంటారట! మన మెకానిక్ షెడ్డే గుర్తొచ్చింది. ఉప్మా రవ్వ కన్నా సన్నం, కానీ బాగానే అతుక్కుంది.

హాల్లో హీటర్ వల్ల గాలి పొడిబారి, కుడి మూత బిగుసుకుని శ్రుతి పైకి పోయింది. రాయితో కిందనుంచి కొట్టి దించుతుంటే ముందు వరుసలో పెద్దావిడ కంగారుగా చూసింది, పగలగొడుతున్నాననుకుందేమో. తని ఆవర్తనం (మృదంగం ఒంటరిగా వాయించే ఘట్టం) అయ్యాక గట్టిగా చప్పట్లు కొట్టింది కూడా ఆవిడే.

ఇవాళ ఖాళీ. 71వ నంబరు ట్రామ్ ఎక్కి ఊరి పెద్ద శ్మశానానికి వెళ్లాను. ఇక్కడ ఎవరైనా పోతే '71 ఎక్కాడు' అనడం పాత వాడుక. బీథోవెన్ 1827లో, షూబర్ట్ 1828లో పోయారు. ఇద్దరి సమాధులూ దగ్గర దగ్గరే. మొజార్ట్‌కి మాత్రం ఇక్కడ ఉన్నది స్మారకమే, పూడ్చింది వేరే చోట. బీథోవెన్ ముందు నిలబడ్డా నా వేళ్లు వాటంతటవే జేబులో ఆదితాళం వేస్తున్నాయి. మిగిలిన రవ్వతో రాత్రికి ఉప్మా. గాయకుడికి ఇంకా చెప్పలేదు.