టేకు అచ్చును ఎండలో పెట్టకండి

బెజవాడ ఎండలో బట్టలపై రంగు అద్దే చెక్క అచ్చులు తడిగా ఆరబెట్టడం చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. పైభాగం ముందు ఆరి కుంచించుకుపోతుంది, లోపల ఇంకా తడే. అక్కడే చెక్క వంగుతుంది, పగులుతుంది.

పెడన కలంకారీ అచ్చయినా, మరేదైనా, రంగు తడి ఆరకముందే మెత్తటి బ్రష్‌తో గీతల వెంట రుద్ది కడగాలి. నానబెట్టొద్దు. రంగు ఎండితే సన్నటి గాడి పూడిపోయి, పువ్వు రేకు మొద్దుగా పడుతుంది. దాన్ని సూదితో గీకారా, అంచు పెచ్చు లేస్తుంది! వెదురుపుల్ల చాలు.

గుడ్డతో అద్ది, నీడలో నిలువుగా నిలబెట్టండి, రెండువైపులా గాలి తగలాలి. బాగా ఆరాక పలచగా నూనె. వాడేముందు మాత్రం ఆ నూనె పూర్తిగా తుడిచేయాలి, లేకుంటే రంగు సమంగా అంటదు. అచ్చు చెక్కే ఉలులకూ తుడిచి నూనె చుక్క, అంతే.