యూరోపా యూనివర్సాలిస్ 4లో విజయనగర సైన్యం ఎందుకు కరిగిపోతుంది

కర్నూలులో ఉండి యూరోపా యూనివర్సాలిస్ 4 అనే చారిత్రక వ్యూహాత్మక కంప్యూటర్ ఆట ఆడేవారు విజయనగరాన్ని ఎంచుకోవడం సహజం. ఆట 1444 నవంబరు 11న మొదలవుతుంది. సింహాసనం మీద రెండవ దేవరాయలు ఉంటారు, ఉత్తరాన బహమనీలు పొంచి ఉంటారు. కొత్తగా ఆడేవారి సైన్యం యుద్ధాల్లో ఓడి నశించే దానికంటే, సీజ్‌ల (కోట ముట్టడుల) దగ్గర అట్రిషన్‌కు (పోరు లేకుండానే నెల నెలా సైనికులు తగ్గిపోవడానికి) గురై నశించేదే ఎక్కువని నా గట్టి నమ్మకం.

ప్రతి ప్రావిన్సుకు (మ్యాపులోని ఒక్కో ప్రాంతానికి) ఒక సప్లై లిమిట్, అంటే ఆ నేల పోషించగల సైన్యానికి పరిమితి, ఉంటుంది. అక్కడ నిలిచిన రెజిమెంట్లు (సైనిక పటాలాలు) ఆ పరిమితిని మించితే, నెల నెలా కొంత శాతం సైనికులు చనిపోతారు. సీజ్ చేస్తున్న సైన్యానికి ఈ నష్టం ఇంకా పెరుగుతుంది. సాధారణంగా ఇది నెలకు 5 శాతం దాటదు కాబట్టి చిన్న సంఖ్యలాగే కనిపిస్తుంది. కానీ ఆ రేటున 30,000 మంది దళానికి తొలి నెలలోనే 1,500 మంది పోతారు, కొత్తవారు వచ్చి చేరకపోతే ఆరు నెలలకు 22,000 మందే మిగులుతారు. ఖాళీ అయిన మ్యాన్‌పవర్ (సైన్యంలో చేర్చుకోగల మనుషుల నిల్వ) తిరిగి పూర్తిగా నిండడానికి పదేళ్లు పడుతుంది కనుక, ఒక్క కోట కోసం చేసిన ఈ ఖర్చు తర్వాతి యుద్ధం దాకా వెంటాడుతుంది.

దీనికి చరిత్రలోనే చక్కని ఉదాహరణ ఉంది. 1520లో కృష్ణదేవరాయలు రాయచూరు మీదికి కదిలినప్పుడు, దారిలో ఎవరూ దాహంతో చనిపోకూడదని తోలుతిత్తులతో నీళ్లు మోసే 12,000 మందిని సైన్యంతో నడిపించారని పోర్చుగీసు వ్యాపారి న్యూనిజ్ రాశాడు. ఎండాకాలపు రాయలసీమను ఎరిగినవారికి ఆ ఏర్పాటు ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు.

ఆటలో మనకు తిత్తులు లేవు గానీ, దళాలను విడదీసే వీలు ఉంది. కోట బలాన్ని చెప్పే ఫోర్ట్ స్థాయి ఒక్కోదానికి మూడేసి వేల మంది చొప్పున సీజ్‌కు చాలు. వారికి కొంత అదనం కలిపి ఉంచి, మిగిలిన బలగాన్ని పక్క ప్రావిన్సుల్లో సప్లై లిమిట్ లోపల నిలపాలి. శత్రువు కదిలాడని తెలిసినప్పుడే అందరినీ ఒకచోటికి చేర్చాలి. ఆ దళాలు సమయానికి చేరగలవా అన్నది మాత్రం ముందే, వాటి చేరిక తేదీలను పోల్చి చూసుకోవాలి.

పోరాటంలో ముందుగా చూడవలసింది నేల. పోరులో అదృష్టాన్ని తేల్చే డైస్ 0 నుంచి 9 వరకే పడే ఆటలో, దాడి చేసేవారి డైస్‌లో కొండలపై 1, పర్వతాలపై 2, నది దాటితే మరో 1 తగ్గడం చాలా పెద్ద లోటు. ఆదోని, గుత్తి కోటలు కొండల మీద ఎందుకు వెలిశాయో ఈ లెక్క కొంత చెబుతుంది. జనరల్ మాన్యూవర్ (దళాలను కదిలించే నేర్పు) శత్రు జనరల్ కంటే ఎక్కువైతే నది దాటిన నష్టం ఉండదు, కనుక తుంగభద్ర, కృష్ణల మధ్య పోరాడేవారికి అలాంటి జనరల్ ఎంతో విలువైనవాడు.

కంబాట్ విడ్త్‌ను (ముందు వరుసలో ఒకేసారి నిలవగల రెజిమెంట్ల సంఖ్యను) మించిన రెజిమెంట్లు ముందు వరుసలో పోరాడవు. అందువల్ల అందరినీ ఒకేసారి దింపకుండా, మొరేల్ (పోరాట స్థైర్యం) చెడని రెండవ దళాన్ని కొన్ని రోజుల తేడాతో చేర్చడం మేలు. రాయచూరులో బీజాపూరు ఆదిల్‌షాహీ ఫిరంగులకు ముందు వరుస చెదిరినా, రాయలు స్వయంగా వెనుక బలగాన్ని నడిపించి గెలిచారు. అయితే మెయింటెనెన్స్ (సైన్యం పోషణ ఖర్చు) తగ్గించి ఉంచిన దళానికి మొరేల్ తక్కువగా ఉంటుంది. యుద్ధం ప్రకటించడానికి కొన్ని నెలల ముందే ఆ ఖర్చును మార్చే స్లైడర్‌ను పూర్తిగా పైకి పెట్టి, మొరేల్ నిండాకే సరిహద్దు దాటించండి.